గుర్రం మీద తగువు

గట్టు మీది బావి నీళ్ళ కోసం పక్కపక్క చేల రైతులు ఎర్రన్న, పోలయ్య కొడవళ్ళెత్తారు. ఊళ్ళో తగువులు సర్దే కుమ్మరి గవరమ్మ ఇద్దరి మధ్యా నిలబడి బతిమాలుతుండగా, కోట అధికారి తన పంచకల్యాణి గుర్రమెక్కి వచ్చిపడ్డాడు.

“తగువు పడ్డ సొత్తు ఏదైనా కోటదే. బావి స్వాధీనం చేసుకోండి!” అని భటులను ఉసిగొల్పాడు.

బావి పోతే రెండు చేలూ ఎండిపోతాయి. రైతులిద్దరూ కొడవళ్ళు దించారు.

గవరమ్మ వెళ్ళి కళ్ళెం పట్టుకుంది. “ఈ గుర్రం నాది.”

భటులు కత్తులు దూశారు. “సాక్ష్యమేదే?” అని అధికారి ఉరిమాడు.

“సాక్ష్యమెందుకు దొరా? మీకూ నాకూ తగువొచ్చింది. ఇక గుర్రం కోటదే గదా, దిగండి.”

భటులందరూ వింటున్నారు. అధికారి గొంతు తగ్గించాడు. “కోటదాకా ఎందుకమ్మా? మనమే కూర్చుని మాట్లాడుకుందాం.”

“ఆ మాటే ఈ రైతులకీ చెప్పండి దొరా,” అంది గవరమ్మ, కళ్ళెం వదలకుండా.