ఠాణేదారు చూరులో పిచ్చుక గూడు

గవరమ్మ చింతతోపులో ఏటా గూడబాతులు గూళ్లు కట్టేవి. పిల్లలకు రెక్కలొచ్చేదాకా ఆమె ఒక్క చింతకాయ కూడా దులపనిచ్చేది కాదు.

ఆ తోపు మీద కన్నేసిన ఠాణేదారు రాజుగారిచేత ఆజ్ఞ రాయించుకొచ్చాడు. "పక్షుల రక్షణ కోసం, గూడున్న చోటల్లా ఇకపై ప్రభువులదే! నెలలోగా ఖాళీ చెయ్యి."

"మూడు తరాలుగా వాటిని కాస్తున్నది మేమే కదయ్యా?"

"ఆజ్ఞకు ఎదురు చెప్పకు!"

గవరమ్మ కొత్త వరికంకులు కుచ్చుగా అల్లి, ఊరి ఆనవాయితీ ప్రకారం ఠాణేదారు సొంతింటి చూరుకు కట్టింది. తనకు భయపడిందని ఆయన మురిసిపోయాడు. గింజలకొచ్చిన పిచ్చుకలు ఆ చూరులోనే గూడు పెట్టాయి.

గడువు నాటికి తోపు చూడడానికి రాజుగారే వచ్చారు. గవరమ్మ ఆయన్ని నేరుగా ఠాణేదారు ఇంటికి తీసుకెళ్లి గూడు చూపించింది.

"ముందు ఈ ఇల్లు స్వాధీనం చేసుకోండి ప్రభూ."

ఠాణేదారు గబుక్కున కర్ర అందుకుని గూడు పొడవబోయాడు. గవరమ్మ ఆ కర్రను గట్టిగా పట్టుకుంది.

"చూశారా ప్రభూ! ఇల్లు పోతుందనగానే ఆజ్ఞ రాయించిన చెయ్యే కర్ర పట్టింది. రేపు మీ రాజ్యంలో ఏ రైతు తన చెట్టు మీద గూడు నిలవనిస్తాడు?"

రాజు ఆజ్ఞను అక్కడే చించేశాడు. పిచ్చుక పిల్లలు ఎగిరేదాకా గూటి కాపలా మాత్రం ఠాణేదారుకే వేశాడు.