నాలుగో గంటకు మూసిన వాల్వు

వరస అటూ ఇటూ అయితే మన్నించాలి. ఆ ఏడు ముందు వానలు వచ్చాయో, ముందు కమిటీ వచ్చిందో ఇప్పుడు గట్టిగా చెప్పలేను. చయనులు మాస్టారి మాట మాత్రం పోలేదు. విశాఖపట్నంలో ఆయన కెమిస్ట్రీ ల్యాబులో పద్దెనిమిదేళ్ళు గాజుసామాను కడిగాను. సీసాల మీది చీటీలు కూడబలుక్కునే చదవడం నేర్చుకున్నాను. ఎవరేం అడిగినా ఆయన వెంటనే బదులిచ్చేవారు కారు. చొక్కా చేతులు పైకి మడిచేవారు. నాకు కడిగే సామాను పెరగబోతోందని అప్పుడే తెలిసిపోయేది.

ఆయన దగ్గర పరిశోధన చేసే హైమవతి ఒకరోజు కళ్ళనీళ్ళతో అడిగింది. "సర్, పొద్దున ఇచ్చినదాన్ని అదే పొడి సాయంత్రానికి ఎందుకు లాక్కుంటోంది?"

ఆ పొడి బొగ్గుకు అంటించిన ప్లాటినం. సబ్బుల తయారీలో మిగిలే గ్లిజరిన్‌ను నీళ్ళలో కలిపి, ఆ నల్లపొడి వేసి, వెచ్చగా ఉంచి ఆక్సిజన్ బుడగలు పంపేవారు. గ్లిజరిన్ ఒక ఆమ్లంగా మారాలి. పొడి మాత్రం తరగదు, వడకట్టి కడిగితే మళ్ళీ పనికొస్తుంది. ఆమ్లం ఉంటే యంత్రం కలం కాగితం మీద కొండలా గీత లేపేది. చుక్క గ్లిజరిన్ కూడా మిగలకూడదని హైమవతి పొద్దుగూకేదాకా బుడగలు పంపేది. చివరికి గ్లిజరినూ ఉండేది కాదు, కొండా ఉండేది కాదు. సోమవారం కమిటీకి ఫలితం చూపకపోతే ఆమె ఫెలోషిప్ ఆగిపోతుంది. చూపడానికి ఉన్నది, ఎప్పుడో కుదిరిన ఆమ్లం ఒక్క సీసా.

"ఆ సీసా ఇలా తే" అన్నారు మాస్టారు.

"అదొక్కటే ఉంది సర్!"

"అందుకే అడిగాను."

గ్లిజరిన్ ఊసే లేకుండా, ఆ సీసాలోని ఆమ్లంలో సగం ఫ్లాస్కులో పోసి, అదే పొడి వేసి, ఆక్సిజన్ వాల్వు తిప్పి వెళ్ళిపోయారు.

"చూశావా పిన్నీ, నా నోటికాడి ముద్ద లాగేశారు" అంది హైమవతి.

"మెల్లగా అనమ్మా, వినపడితే మిగతా సగమూ పోస్తారు" అన్నాను.

సాయంత్రం కాగితం మీద కొండ లేదు. ఆ పొడే ఆమ్లాన్నీ ముక్కలు చేసేసి, దాని చోట పనికిరాని చిన్న గుట్టలు నాలుగు మిగిల్చింది. సముద్రం గాలికి ఆ కాగితం రెపరెపలాడుతుంటే, దాన్ని రెండు చేతులా పట్టుకుని ఆ పిల్ల చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడింది.

మర్నాడు కొత్తగా గ్లిజరిన్ పోసింది. గంటగంటకూ కాస్త తీసి యంత్రానికి ఇచ్చింది. నాలుగో గంటకు కొండ నిటారుగా లేచింది. తర్వాత కమిటీ ముందు పెట్టి ఫెలోషిప్ నిలబెట్టుకున్నది ఆ కొండతోనే. కానీ ఆ క్షణాన వాల్వు మీద చెయ్యి వేసి కూడా తిప్పలేకపోయింది.

"సగం గ్లిజరిన్ అలాగే ఉంది సర్. ఆపేస్తే ఎలా?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు. "మిగిలింది రేపటికీ ఉంటుందమ్మా. అయిందే ఉండదు."

ఆమె వాల్వు మూసింది.

చెల్లీ వరలక్ష్మీ, అప్పుడప్పుడూ నాకు ల్యాబుకు క్యారేజీ తెచ్చి వాళ్ళందరినీ చూసినదానివి కదా. ఆ పిల్ల పేరు హైమవతేనా? ఇది ఎవరికైనా ఇచ్చేముందు నేను రాసిన పేర్లు ఒక్కసారి చూసిపెట్టు.