కొండెక్కొచ్చిన బండి

“స్వామీ, కోపం పోయాక అన్న మాటకి కూడా వేడి ఉంటుందా?”

ఈ ప్రశ్న అడిగినవాడు నర్సీపట్నంలో ట్రావెల్స్ నడిపే బొడ్డేటి సన్యాసినాయుడు. అడిగింది ముక్తేశ్వర శాస్త్రిగారిని. ప్రతి ఆదివారం సాయంత్రం తన ఇంటి అరుగు మీద కూర్చుని పదిమందికి గీత చెప్పే పెద్దాయన ఆయన. ఆ పదిమందిలో అందరికన్నా ముందొచ్చి చాపలు పరిచేదీ, అందరూ వెళ్ళాక వాటిని చుట్టిపెట్టేదీ నాయుడే. భక్తికి లోటు లేదు. పేరులో ఏకంగా సన్యాసమే ఉంది. అయితే భగవంతుడు, ఎందుకో మరి, ఆ పేరు పెట్టించిన చేత్తోనే ముక్కు మీద ఇంత కోపాన్నీ పెట్టాడు. నవ్వకండి. నవ్వేముందు మీ పక్కన కూర్చున్నవాళ్ళ మొహం ఒక్కసారి చూడండి, ఇది ఎవరింటి కథో వాళ్ళకి బాగా తెలుసు.

శాస్త్రిగారు అతని వైపు తిరిగి, “ఏం జరిగింది నాయుడూ?” అన్నారు.

జరిగింది చిన్నదే. నాయుడు విశాఖ నుంచి వస్తుంటే దారివ్వని లారీవాడితో నడిరోడ్డు మీద పెద్ద గొడవయింది. ఆ ఆలస్యం పూడ్చుకోవడానికి డ్రైవరు చేత బండిని ఆపకుండా తరిమించుకొచ్చాడు. ఇంటి ముందు దిగుతూ, వాడికి ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు: “వేడి మీదుంది. టక్కున ఆపీకురా, కాసేపు మోగనీ.”

ఆ మాట నాయుడి డ్రైవర్లందరికీ కంఠస్థం. కొత్తగా చేరినవాడెవడైనా ఎందుకండీ అంటే చాలు, నాయుడు కుర్చీ లాక్కుని మరీ చెబుతాడు. “ఇంజను పక్కన టర్బో అని ఓ చిన్న చక్రం ఉంటాదిరా. ఇంజను వదిలిన వేడి పొగతోనే అది గిర్రున తిరుగుతాది. దాన్ని కాపాడీది ఆయిలొక్కటే. ఘాట్ రోడ్డెక్కొచ్చి నువ్వు తాళం తిప్పీసావనుకో, ఆయిలు ఆగిపోతాది, చక్రం ఆగదు. ఇంజను ఆగిపోయిందని నువ్వనుకుంటావు, లోపల అది కాలుతూ తిరుగుతానే ఉంటాది. కాసేపు ఊరికే మోగనిస్తే నీ సొమ్మేం పోయింది?”

డ్రైవరు బుద్ధిమంతుడు, ఆ సాయంత్రం కూడా అలాగే మోగనిచ్చాడు. బండి బయట నెమ్మదిగా చల్లబడుతోంది. నాయుడు మాత్రం తలుపు ధడేలుమని వేసి, చప్పుడు చల్లారేలోగానే నట్టింట్లో ఉన్నాడు. భార్య వరహాలు మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, “ఎల్లుండి అమ్మ సంవత్సరీకం. చెల్లి రమ్మంటోంది, చింతపల్లి వెళ్దామండీ” అంది.

నాయుడు నీళ్ళు తాగుతూ అన్నాడు: “పోయినావిడకి ఇంకా ఎన్నాళ్ళు పెడతారు?”

అంతే. అరవలేదు, గ్లాసు విసరలేదు. వరహాలు ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న సంచీ సర్దుకుని గుమ్మం దిగుతూ ఒక్కటే అంది. “మీ బండికిచ్చే మర్యాద మనుషులకీ ఇవ్వండి, చాలు.” సంవత్సరీకం అయిపోయింది. ఆవిడ రాలేదు. ఫోను చేస్తే మరదలు ఎత్తి, అక్క పెరట్లో ఉంది బావగారూ అంటుంది. ఎప్పుడు చేసినా పెరట్లోనే.

“ముప్ఫయ్యేళ్ళ కాపరం స్వామీ” అన్నాడు నాయుడు. “ఇల్లంతా ఉన్నట్టే ఉంది, ఏదీ లేదు. లారీవాడి మీద కోపం దారిలోనే ఆగిపోయింది, మీ పాదాలమీద ఒట్టు. గుమ్మం దాటేసరికి నాలో కోపమే లేదు. మరి ఆ మాట ఎక్కణ్ణుంచొచ్చింది? రేపు వెళ్ళి తీసుకొద్దామనుకుంటున్నాను. రానంటే?”

శాస్త్రిగారు ఉత్తరీయం భుజాన సర్దుకున్నారు. “ఆ కొండగాలి తగిలి చాన్నాళ్ళయింది నాయుడూ. నేనూ వస్తాను” అన్నారు. ప్రశ్న అలాగే అరుగు మీద ఉండిపోయింది.

మర్నాడు డ్రైవరు లేకుండా నాయుడే బండి తీశాడు. పక్కన శాస్త్రిగారు. ఊరు దాటాక నాయుడు మనసులో వరహాలుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. తప్పయిపోయిందే, అని ఆరంభం. బాగానే ఉంది. ఘాట్ రోడ్డు మొదలైంది. ఒక్కో మలుపూ తిరుగుతుంటే ఒక్కో మాట వచ్చి చేరింది. నేను మాత్రం ఎవరికోసం ఇలా తిరుగుతున్నాను? ఒక్క మాటకే అలా వెళ్ళిపోతారా? లంబసింగి చేరేసరికి తప్పయిపోయిందే అన్న మాట ఎక్కడో కింది మలుపులో జారిపోయింది. ఆపైన ఎవడో మోటారుసైకిలువాడు అడ్డంగా దూసుకెళ్ళాడు. నాయుడు అద్దం దించి వాడి వంశాన్నంతా తలుచుకున్నాడు. అద్దం ఎత్తాక గుర్తొచ్చింది పక్కనున్నది ఎవరో. శాస్త్రిగారు పొగమంచు వంక చూస్తూ కూర్చున్నారు.

మరదలి ఇల్లు చింతపల్లి చివర, ఎత్తు మీద. ఆ సందు ఎక్కడానికి బండి చివరిసారిగా గట్టిగా రొప్పింది. ఎదురుగా తెరిచి ఉన్న గేటు, లోపల వాకిలి, వాకిలంతా ఎండబోసిన కాఫీ గింజలు. వాటిని తిరగేస్తూ వరహాలు, వీపు ఇటు పెట్టి నిలబడి ఉంది. ఈసారి నిజంగా బయటే ఉంది పాపం.

నాయుడి చెయ్యి తాళం మీదికి వెళ్ళింది.

“కొండెక్కొచ్చిన బండి, నాయుడూ” అన్నారు శాస్త్రిగారు.

నాయుడు నాలిక్కరుచుకున్నాడు. ఊరందరికీ చెప్పేవాడు, తానే మరిచిపోయాడు! “కంగార్లో చూసుకోలేదు స్వామీ” అని తాళం వదిలేశాడు. బండిని మోగనిచ్చి, ఎప్పటి అలవాటు చొప్పున తలుపు పిడి పట్టుకున్నాడు.

“ఎక్కడికి?”

“లోపలికి స్వామీ. ఇది చల్లారుతూ ఉంటుంది.”

“కొండ నువ్వూ ఎక్కావు కదయ్యా” అన్నారు శాస్త్రిగారు, అటు తిరక్కుండానే.

నాయుడు పిడి వదిలేశాడు. ఇద్దరూ కూర్చున్నారు. ఇంజను మోగుతోంది. నాయుడికి ముందు చెవుల్లో తన మాటలే వినిపించాయి, మలుపు మలుపుకీ పోగుచేసుకొచ్చినవన్నీ. కాసేపటికి వాటి జోరు తగ్గింది. స్టీరింగ్ మీద తన వేళ్ళు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. ఒక్కొక్కటే వదిలాడు.

అప్పుడు ముందద్దంలోంచి వరహాలుని చూశాడు. చూడటం అంటే నిజంగా చూడటం. గింజలు తిరగేస్తున్న చెయ్యి ఆగిపోయి ఉంది. ఆవిడ ఇటు తిరగలేదు. భుజాలు రెండూ పైకి బిగబట్టుకుని, మెడ కాస్త లోపలికి తీసుకుని, కదలకుండా నిలబడింది. ఎందుకలా నిలబడిందో నాయుడికి మొదట అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. తలుపు ధడేలుమనే చప్పుడు కోసం.

ఎన్నేళ్ళ నుంచి అలా నిలబడుతోంది ఈ మనిషి? బండి ఇంటి ముందు ఆగిన ప్రతిసారీ, లోపల వంటింట్లో, తాను చూడని చోట, ఇలాగేనా?

నారాయణా, అనుకున్నాడు నాయుడు. మీరూ నేనూ రోజుకి ఎన్నోసార్లు అనుకుంటాం ఆ నామం. ఆ పూట దాని బరువు వేరు. పోయిన అత్తగారు జ్ఞాపకం వచ్చింది. తాను ఈ కొండకి ట్రిప్పు తెచ్చినప్పుడల్లా చెంబుతో మజ్జిగ పట్టుకుని ఈ గేటు దాకా ఎదురొచ్చేది. ముందు డ్రైవరుకి పోసి, ఆ తరవాతే అల్లుడికి పోసేది. నడిపినవాడు వాడు కదా బాబూ అనేది. ఎన్నాళ్ళు పెడతారు అని తానన్న మాట, అన్నవాడి చెవికి మొదటిసారి వినబడింది.

చప్పుడు రాలేదు. వరహాలు ఇంకాసేపు అలాగే ఎదురుచూసింది. అయినా రాలేదు. భుజాలు మెల్లిగా దిగాయి. వెనక్కి తిరిగింది. మోగుతున్న బండి, దిగని మనిషి. ఆవిడ మొహంలో కోపం ఉండాల్సిన చోటికి కంగారొచ్చింది. చీరచెంగుకి చేతులు తుడుచుకుంటూ గబగబా వచ్చేసి అద్దం మీద కొట్టింది.

“ఏటండీ? బండికేటైనా అయిందా?”

నాయుడు అద్దం దించాడు. “లేదు.”

“ఒంట్లో బాగోలేదా? మొహం అలా ఉందేటి? గుండెల్లో గానీ…”

“బాగానే ఉన్నానే.” తెచ్చుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. “అత్తకి పెట్టిన రోజు నేను లేకపోయాను. ఇప్పుడు… పటానికి దణ్ణం పెట్టుకోనిస్తావా?”

వరహాలు కాఫీ గింజల వంక చూసింది, గేటు వంక చూసింది. ముక్కు ఎగపీల్చింది. ఆ తరవాత ఆవిడ కళ్ళు పక్క సీటు మీద పడ్డాయి.

“అయ్యో, స్వామీ! మీరూ ఉన్నారా?” నాయుడి వైపు తిరిగి ఒక్క కసురు కసిరింది. “పెద్దాయన్ని బండిలో కూర్చోబెట్టి ఏటీ మౌనవ్రతం? బుద్ధుందా? దిగండి ముందు, కాళ్ళు కడుక్కోండి. మీకు వేరే హారతిచ్చి పిలవాలేటి?”

ముప్ఫయ్యేళ్ళలో ఏ తిట్టూ ఆ మనిషికి అంత తియ్యగా తగల్లేదు. “బండి చల్లారాక వస్తాను, మీరు పదండమ్మా” అన్నారు శాస్త్రిగారు. నాయుడు దిగాడు. తలుపు చప్పుడు కాకుండా, పడుకున్న పసివాడి గది తలుపులా, దగ్గరకి వేశాడు. కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళి, పటం ముందు నేల మీద సాష్టాంగపడ్డాడు. లేవడానికి చాలాసేపు పట్టిన మాట వాస్తవం. లేచేసరికి వంటింట్లో అక్కచెల్లెళ్ళిద్దరూ ఏదో అనుకుని నవ్వుతున్నారు. తన మీదే అయ్యుంటుంది. నవ్వనీ, అనుకున్నాడు. మూలనున్న వరహాలు సంచీ అప్పటికే నడవలోకి వచ్చి కూర్చుంది.

అప్పుడు జ్ఞాపకం వచ్చి గేటు దగ్గరికి పరుగెత్తాడు. శాస్త్రిగారు ఇంకా బండిలోనే ఉన్నారు, ఒళ్ళో చేతులు పెట్టుకుని. ఇంజను మెత్తగా, ఒకే శ్రుతిలో మోగుతోంది.

“క్షమించండి స్వామీ, మిమ్మల్నే మరిచిపోయాను” అన్నాడు నాయుడు. అని, కళ్ళు తుడుచుకుని, ఆగి, “నేనడిగినదానికి మాత్రం మీరింకా జవాబు చెప్పలేదు” అన్నాడు.

శాస్త్రిగారు ఇంటి లోపలి నవ్వు ఇంకోసారి వినబడేదాకా చెవి ఒగ్గి ఉన్నారు.

“ఇప్పుడు ఆపవచ్చు నాయుడూ” అన్నారు.