బండికి విసిరేదెవరు?

వెనకటికి కొండవరం జమీందారుగారు మోటారు కారు కొన్నారు. కొన్న రోజే పంకా లాగే పైడయ్యను పిలిచి, "ఇక మధ్యాహ్నాలు కారులోనే తిరుగుతానురా. గాలి దానంతటదే వస్తుంది. నీతో పనేముంది?" అని కొలువులోంచి తీసేశారు.

పైడయ్య ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కొలువు మీదే. పాపం, తాటాకు విసనకర్ర చంకన పెట్టుకుని ఉసూరుమంటూ ఊరిదారి పట్టాడు. కారు అతని మీద దుమ్ము చిమ్ముతూ దాటిపోయింది. కొంత దూరం నడిచేసరికి అదే కారు నడిఎండలో ఆగిపోయి కనిపించింది.

డ్రైవరు మూత ఎత్తి చూసి, "నిప్పురవ్వ పుట్టించే కాయిలు ఇంజను సెగకి మాడిపోతోంది దొరా. చల్లారితేగాని బండి కదలదు," అన్నాడు.

"నీళ్లు కొట్టు."

"కరెంటు సామాను దొరా, తడిస్తే మొదటికే మోసం. గాలి తగలాలి."

పైడయ్య వెళ్లి కాయిలుకి విసరడం మొదలుపెట్టాడు. జమీందారుగారికి చెమటలు ధారలు కడుతున్నాయి.

"ఒరేయ్, ముందు ఇటు విసరరా," అన్నారు.

"తమకి బండి విసురుతుందన్నారు కదా దొరా. దానికే విసిరే దిక్కు లేదు."

జమీందారుగారు కోపం తెచ్చుకోబోయి, ఎండ చూసి మానుకున్నారు. "సరే, రేపటినుంచి బండి కొలువులో ఉండు. ముందు దాన్ని కదిలించు."

కాసేపటికి కారు కదిలింది. పైడయ్య ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్లు పంకా లాగినా తన ఒంటికి తగలని గాలి, ఆవేళ దొరగారికంటే ముందు అతని మొహానికే తగిలింది.