రాజు తలకి దొర ముక్కు

అనగనగా, సముద్రాల అవతల ఆఫ్రికాలో, పడమటి వైపున, బెనిన్ అని ఒక ఊరు. రాజులుండే ఊరు. చుట్టూ ఎర్రమట్టి గోడలు, వాటి కింద లోతైన అగడ్తలు. అగడ్త అంటే కోట చుట్టూ తవ్విన కందకం, తల్లీ.

ఆ ఊళ్ళో ఒక వీధి వీధంతా ఇత్తడి పోత పోసేవాళ్ళే. రాజుగారు పోతే, కొడుకు ముందుగా తండ్రి తలబొమ్మని ఇత్తడిలో పోయించి పూజగదిలో పెట్టాలి. అది పెడితేనే అతను రాజైనట్టు. ఆ తలలు పోసేవాళ్ళలో ఒమొరుయి ఒకడు.

అప్పుడు తెల్లదొరల సైన్యం వచ్చింది. ఊరు కాలిపోయింది. రాజుగారిని పడవెక్కించి దూరంగా పంపేశారు. తాతలవీ ముత్తాతలవీ తలలన్నీ పెట్టెల్లో కుక్కి పట్టుకుపోయారు. ఒమొరుయి పల్లెకి పోయి పెండలం తోటలో పార పట్టాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి, రాజుగారు ఆ పరాయిచోటే కన్నుమూశారు. కొడుకు ఊరికి తిరిగొచ్చి, "మా నాన్నగారి తల పోసిపెట్టు, పెద్దాయనా" అని కబురంపాడు.

ఒమొరుయి పార పక్కన పెట్టి ఊరికి వచ్చాడు. పని మానేసి ఎన్నేళ్ళయిందో. చూసి చేద్దామంటే పాతదొకటీ లేదు. అప్పుడు ఆ ఊరినేలే దొర కచేరీకి వెళ్ళాడు.

"ఒక్క తల తెప్పించండి దొరా. చూసి ఇచ్చేస్తాను."

"అవి మాకు దొరికిన వస్తువులు" అన్నాడు దొర.

"ఎక్కడ దొరికాయి?"

"మీ రాజు ఇంట్లో."

"ఇంట్లోవి దొరకవు దొరా. ఉంటాయి."

దొర నవ్వి, ముసలాణ్ణి బయటికి పంపమన్నాడు.

నువ్వే చెప్పు తల్లీ. బడిదారిలో పెన్సిలు కనబడితే దొరికింది అంటాం. నీ సంచీ విప్పి ఎవరైనా తీసుకుంటే దాన్నేమంటాం? ఒకటో తరగతి పిల్లకి తెలిసిన మాట ఆ దొరకి తెలియలేదు. తెలియకపోవడమేమిటి, తెలిసే అలా అన్నాడు.

సరే, ముందు మైనంతో తల చేయాలి. దానిమీద మట్టి మెత్తి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు.

మొదటి మైనం తల పెండలం దుంపలా వచ్చింది. నలిపేశాడు.

రెండోది బాగానే వచ్చిందనుకున్నాడు. అతని భార్య ఇసోకెన్ తొంగి చూసింది. "రాజుగారికి దొర ముక్కు పెట్టావేమయ్యా?"

చూస్తే నిజమే. పొద్దస్తమానం దొరని తిట్టుకుంటూ చేస్తే చేతుల్లోకి వాడే వచ్చాడు.

"రాజుని పట్టుకుపోయారు, ఇత్తడిని పట్టుకుపోయారు. ఇక నీ బుర్రలోనూ వాణ్ణే కూర్చోబెట్టు" అంది ఇసోకెన్.

"ఊరుకోవే" అన్నాడు గానీ, ఆ మాట తగిలింది. వాళ్ళ భాషలో జ్ఞాపకం చేసుకోవడానికీ ఇత్తడి పోయడానికీ ఒకటే మాట ఉందట. ఒమొరుయి కళ్ళు మూసుకుని దొరని పక్కకి నెట్టాడు. అప్పుడు పండగనాటి రాజుగారు కనబడ్డారు. మెడ నిండి, గడ్డం దాటి, పెదవి దాకా పగడాల దండలు. వాటి పైన నవ్వీ నవ్వని కళ్ళు.

మూడో తల పోత పోశాడు. కొడుకు రెండు చేతులా అందుకున్నాడు. దాన్ని పూజగదిలో పెట్టి, దాని ముందు సాగిలపడి, రాజై లేచాడు.

మరి ఆ పాత తలల సంగతేమిటి? కొన్ని ఈమధ్యే తిరిగొచ్చాయి. చాలావాటిని దూరదేశాల్లో గాజు పెట్టెల్లోనే ఉంచారు. తాతల్ని చూడాలంటే ఆ ఊరి పిల్లలు విమానమెక్కి పోవాలి. ఇదేం న్యాయం, తల్లీ?

కథేమో చేరింది కంచికి,
మనమేమో చేరాం మంచానికి,
ఆ తలలెప్పుడు చేరతాయో వాళ్ళింటికి.