కారని గ్రీజు

యశోద చేసిన గ్రీజు మళ్ళీ ఓడిపోయింది. రాపిడి యంత్రంలో ఇనుప పలక మీద ఇనుప దిమ్మ పొద్దుటినుంచీ అటూ ఇటూ జారింది. విప్పి చూస్తే పలక నిండా గీతలు. గ్రీజు మాత్రం ఓ పక్కకి ఒదిగి, ముద్ద ముద్దగానే ఉంది.

ఆమె స్టూలు మీద కూలబడింది. భుజాలు లాగేస్తున్నాయి. ఈసారీ గీతలు పడితే ఈ గ్రీజు పని ఆపేయమని పైవాళ్ళు ముందే చెప్పేశారు. రెండేళ్ళ కష్టం.

ఆ లాబ్‌లో ఆమెకి పని నేర్పింది సన్యాసిరావు మాస్టారు. ఆయన దగ్గరికెళ్ళి, పలకలే మెత్తగా ఉన్నాయండీ, గట్టి పలక మీద ఇంకొక్కసారి చూద్దాం, పైవాళ్ళకి మీరు చెప్పండి అని అడిగింది. తన గ్రీజులో తప్పు లేదంది. డబ్బా ఎండలో పెట్టినా చుక్క నూనె పైకి తేలలేదు కదా అంది.

గ్రీజంటే నూనెని సబ్బు పట్టుకుని ఉండటమే. నూనె కారే గ్రీజంటే అక్కడ అందరికీ నవ్వులాట. ఆ మాట పడకూడదనే ఆమె ప్రతిసారీ సబ్బు పెంచుకుంటూ వచ్చింది.

మాస్టారు పలకల సంగతి ఎత్తలేదు. రెండు అద్దుడు కాగితాలు తెచ్చారు. ఒకదాని మీద ఆమె గ్రీజు, ఇంకోదాని మీద బజారు గ్రీజు, ఉసిరికాయంత పెట్టి, కిటికీలో ఎండ తగిలేచోట ఉంచారు.

"అన్నం తినొద్దాం రామ్మా. నీ వాలకం చూస్తే ముందు నీకు పెట్టాలి గ్రీజు," అన్నారు.

తిని వచ్చేసరికి బజారు గ్రీజు చుట్టూ కాగితం గుండ్రంగా తడిసింది. ఆమె గ్రీజు కింద కాగితం తెల్లగానే ఉంది.

యశోద మొహం కాస్త తేరుకుంది. "చూశారా మాస్టారూ, చుక్క కారలేదు."

ఆయన ఆ తెల్ల కాగితం తీసి గీతల పలక పక్కన పెట్టారు.

"పొద్దుటినుంచీ ఈ పలకా ఆ చుక్క కోసమే చూసిందమ్మా."

ఆమె పలక మీది గీతల్ని వేలితో తడిమి చూసింది. తర్వాత, "కారకూడదు కదండీ," అంది, తనకే వినపడనంత మెల్లగా.

"కారకూడదు. చెమర్చాలి."

యంత్రం చల్లారిపోయింది. మాస్టారు లేస్తూ, మరి పైవాళ్ళకి ఏం చెప్పమంటావని అడిగారు.

పలకలు మంచివేనని చెప్పమంది.