దేవుడి వాకిట్లో ధాన్యం

కోతలు మొదలైన రోజున ఆశీర్వాదం ఆస్తి మొత్తం పదకొండు వరి కంకులు. వారం తిరగకుండానే అవి మూడు వందలు దాటాయి.

ఆశీర్వాదం ఒక చేలెలుక. వయసు తక్కువ, కాలు చురుకు, లెక్క ఇంకా చురుకు. చర్చి వెనక వరిచేను గట్టులో అతని కలుగు. మంచు విడవకముందే లేచేవాడు. కోతమిషను ఏ మలుపులో ఎక్కువ రాలుస్తుందో ముందే చూసుకుని, మిగతా ఎలుకలు కళ్లు నులుముకునేలోగా అక్కడ వాలిపోయేవాడు. ఒక కంకికి ఇన్ని గింజలు, పూటకు ఇన్ని, వానాకాలం గట్టెక్కాలంటే ఇన్ని అంటూ మీసాలు దువ్వుకుంటూనే లెక్క తేల్చేవాడు.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. కిందటేడు తుఫానుకు చేను మునిగింది. కలుగులో దాచిందంతా కుళ్లిపోయింది. తిండి లేక అతని చెల్లెలు అతని పక్కనే కన్నుమూసింది. ఇక నా ఇంట్లో ఖాళీ అన్న మాట వినపడకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు.

కానీ ఎలుక ఇంట్లో ఒక చోటు ఖాళీగా ఉండి తీరాలి. కలుగుకు ముందు వాకిలి కాక వెనక ఒక సన్నటి దారి ఉంటుంది. ఆపద వస్తే అటు నుంచే బయటపడాలి. వాళ్లమ్మ దాన్ని దేవుడి వాకిలి అనేది. "అందులో గింజ కూడా పెట్టకురా. మన తెలివి పని చెయ్యని రోజు కోసం ఆయనకు వదిలిన చోటది" అని చెప్పి పోయింది.

ఒకరోజు పూరేడు పిట్ట కరుణమ్మ గట్టెక్కి వచ్చింది. చర్చి ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు దేవుడి పేర పక్కన పెడతారు. అది చూసి చేలో జీవాలూ అలవాటు చేసుకున్నాయి. ఏరుకోలేని వాళ్ల కోసం అందరి దగ్గరా దేవుడి పాలుగా ఆ వాటా అడిగి తెచ్చే పని కరుణమ్మది.

"దేవుడి పాలు తీశావా నాయనా? కుంటి పావురం నిన్నటి నుంచి పస్తు."

"లెక్క ఇంకా తేలలేదు పిన్నీ. వెయ్యి కానీ, అప్పుడు చూద్దాం."

"మొన్న అయిదు వందలన్నావు."

"మొన్నటి మాట వేరు. ఇంకో తుఫాను వస్తే?"

"నారు పోసినవాడు నీరు పోయడా?"

"పోశాడుగా, కిందటేడు. కలుగు నిండా పోశాడు."

కరుణమ్మ కోపం తెచ్చుకోలేదు. గట్టు మీద కూర్చుంది.

"ఆ వరదలోనే నా గుడ్లన్నీ పోయాయిరా. నాకు తెలియదా? ఆయన్ని నమ్మడమంటే కాళ్లు ముడుచుకు కూర్చోమని కాదు. నేనూ పొద్దున్నే లేస్తాను, ఏరతాను. చీకటి పడితే ఆపేస్తాను. రేపటిది రేపటికి వదిలేస్తాను. నువ్వు నిద్రలో కూడా ఏరుతున్నావు. నీ చెల్లి ఆకలితో పోయింది కదా, మరి ఆకలితో ఉన్నవాళ్లు నీ కంటికి ఎందుకు ఆనరు?"

 ఆశీర్వాదం కంకులు మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఈ మాటలన్నీ గడ్డిలో పడుకుని నక్క వింది. మర్నాడు తోక కిందికి వేసుకుని, కలుగుకు కాస్త ఎడంగా వచ్చి కూర్చుంది. నక్క వినయం అంటే అలాగే ఉంటుంది.

"అల్లుడూ, నీ పేరు నాలుగు చేలల్లో మోగుతోంది."

"అక్కడే ఉండి మాట్లాడు మామా" అన్నాడు ఆశీర్వాదం లోపలి నుంచి.

"ఉంటాలే. నీ వాకిట్లో నా మూతి కూడా పట్టదు. పైగా పళ్లు సలుపు, కప్పను నమలాలన్నా ప్రాణం పోతోంది. నీ అవస్థ చూడలేక చెబుతున్నా. ఒక్కో కంకీ ఈడుస్తూ కూర్చుంటే ఎప్పటికి తెములుతుంది? వాకిలి కాస్త వెడల్పు చెయ్యి. మూడేసి ఒక్కసారే లోపలికి పోతాయి."

ఆశీర్వాదం మీసాలు కదిలాయి. మూడింతలు. లెక్కలో తప్పు లేదు. వచ్చిన చిక్కల్లా అదే.

"తెచ్చినా పెట్టడానికి చోటేదీ?"

"వెనక సందు ఖాళీయే కదా."

"అది దేవుడిది."

"ఆయనకు ఆకాశమంతా ఉంది, నీ సందు దేనికిరా అల్లుడూ? పోనీ ఆయన పేరు చెప్పుకునే నింపు. దేవుడి చోట్లో ఉన్న సొమ్ముకు భద్రత తక్కువా?"

నక్క వెళ్లిపోయింది. ఇది దొంగ చేతికి తాళం ఇవ్వడమే అంది ఒక మనసు. మూడింతలు అంది రెండో మనసు. రెండోదే గెలిచింది. మట్టి తోడి వాకిలి వెడల్పు చేశాడు. కొట్టు నిండాక, వెనక దారిలో కూడా కంకులు కూరాడు. వెయ్యి దాటింది. అంత ధాన్యం మధ్య పడుకున్నా నిద్ర పట్టలేదు. పదిహేను వందలు అవ్వాలంటే ఎన్నాళ్లు పడుతుందో లెక్క చూస్తున్నాడు.

తెల్లవారింది. వాకిట్లోంచి పడే వెలుగు ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అల్లుడూ, వాకిలి బాగా కుదిరింది" అంది నక్క. మూతి అప్పటికే లోపల ఉంది.

"పళ్లు సలుపన్నావు కదా మామా."

"మెత్తటిదైతే నమలగలను."

ఆశీర్వాదం వెనక్కి పరుగెత్తాడు. ఎదురుగా తన కంకులే గోడలా నిలబడ్డాయి. వెనక నక్క గోళ్లు మట్టి పెకలిస్తున్నాయి. కంకులు ఇవతలికి లాగుదామంటే కొట్లో గింజ పట్టే చోటు లేదు. అన్ని లెక్కలు తెలిసినవాడికి ఇక ఒక్కటే లెక్క మిగిలింది: వాటిని బయటికి తొయ్యాలి. ప్రభువా, దారి ఇయ్యి అనుకుని తల వంచి నెట్టాడు.

గట్టు అవతల గింజలేరుకుంటున్న కరుణమ్మ ముందు మట్టి పెళ్లలు రాలాయి. వాటి వెంట ఒక కంకి బయటికొచ్చింది.

"ఎవరది?"

"నేనే పిన్నీ. ముందు వాకిట్లో నక్క ఉంది. లాగు."

కరుణమ్మ ముక్కుతో పట్టి లాగింది. ఈ ఏడు పొదిగిన ఆమె పిల్లలు కూడా వచ్చి పట్టాయి. పక్క బొరియలోంచి ముసలి పీత శాంతయ్య అడ్డంగా నడుచుకుంటూ వచ్చాడు.

"ఇవి ఎవరికివ్వమంటావోయ్?"

"ఎవరికైనా ఇవ్వు తాతా. ముందు లాగు."

కంకి వెనక కంకి వస్తోంది. కాసేపటికి శాంతయ్య డెక్కతో ఒకదాన్ని పైకెత్తి చూశాడు.

"ఏమోయ్, అన్నీ తాలు గింజలే వస్తున్నాయి. లోపల ఏరుతున్నావా? నక్క నిన్ను అలా ఏరి తినదు. ఉన్నపళంగా మింగుతుంది."

ఆశీర్వాదానికి సిగ్గేసింది. ప్రాణం మీదికి వచ్చినా, మంచివి వెనకే ఉంచి పనికిరానివే తోస్తున్నాడు. ఇలాంటి కంకి ఒక్కటి ఉంటే చెల్లెలు బతికేది. అది ఇప్పుడు ఎవరి ఆకలైనా తీర్చాలి. బరువైనదాన్ని, అన్నింటికంటే బాగా పండినదాన్ని నోట కరచుకుని ముందుకు నెట్టాడు. తర్వాత ఇంకొకటి. ఇక ఆగలేదు. పోయిన ప్రతి కంకి వెంటా కొంచెం వెలుగు లోపలికి వచ్చింది. తల దూరేంత సందు కాగానే అతను బయటికి దూకాడు.

"నక్క ఇంకా తవ్వుతూనే ఉన్నట్టుంది" అన్నాడు శాంతయ్య. "చుట్టం ఇంటికొస్తే పలకరించేవాళ్లుండాలి కదా." అని ఒక పక్కకు ఒదిగి అదే దారిలో లోపలికి వెళ్లాడు.

నక్క గొంతు గట్టు లోంచి వినిపించింది. "చిక్కావు అల్లుడూ. ఒళ్లింత గట్టిపడిందేమిటి?"

"కొత్త బియ్యం మహిమ" అన్నాడు శాంతయ్య, దాని ముక్కు మీద డెక్క బిగించి.

నక్క వేసిన కేకకు చర్చి కప్పు మీద పావురాలన్నీ లేచిపోయాయి. శాంతయ్యను ముక్కుకు వేలాడదీసుకునే కాలవ దాకా పరుగెత్తింది. అక్కడ నీళ్లు కనపడ్డాక తాత పట్టు వదిలి, తాపీగా మునిగాడు.

ఇక్కడ కలుగు కూలిపోయింది. లోపల ఉండిపోయిన ధాన్యం మట్టి పాలైంది.

"ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది" అని కరుణమ్మ నిట్టూర్చింది. "నీకేమైనా మిగిలిందా నాయనా?"

ఆశీర్వాదం గట్టు మీదికి చూశాడు. కుంటి పావురం తింటోంది. పూరేడు పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తింటున్నాయి. అలవాటు కొద్దీ చెయ్యి మీసాల మీదికి పోయింది. దించేశాడు.

"ఈ పూటకు ఉంది పిన్నీ. తూర్పు పొలం చెక్కలో మిషను తిరిగిన మలుపు ఒకటుంది. అక్కడ రాలినవి ఎవరూ ముట్టలేదు. నేనొక్కణ్ణే తెచ్చుకుందామని ఎవరికీ చెప్పలేదు. తినడం కాగానే పిల్లల్ని తీసుకురా. నేను ముందు నడుస్తా."

"మరి ఇల్లు?"

"పొద్దు గుంకేలోగా తవ్వుకుంటా. ఆయనకు వదిలే చోటు ముందు తవ్వి, మిగతాది తర్వాత చూస్తా."

తూర్పున మంచు విడుతోంది. ఆశీర్వాదం గట్టు దిగి, తడి కొయ్యకాళ్ల మధ్యకు కాలు పెట్టాడు.

దేవుడికి వదలాల్సిన చోటును సొమ్ముతో నింపితే, మూసుకుపోయేది మన దారే.